కింది నుంచి మొదటి పేరు

ఆగస్టు రెండో వారంలో ఒక బుధవారం సాయంత్రం ట్యూషన్ సెంటరు నుంచి రజనీకుమారికి ఫోన్ వచ్చింది. లెక్కలు చెప్పే మనోజ్‌కుమార్ సర్ మాట్లాడాడు. పాపకి ఒంట్లో ఎలా ఉందని హిందీలో అడిగాడు. బాగానే ఉంది, ఇప్పుడే మీ దగ్గరికి బయలుదేరింది అని రజని చెప్పింది. అవతల ఆయన, అమ్ము క్లాసుకి వచ్చి పన్నెండు రోజులైందని చెప్పాడు.

ఆ పన్నెండు రోజులూ అమ్ము సరిగ్గా నాలుగింటికి బ్యాగు తగిలించుకుని సైకిలెక్కింది. ఆరున్నరకి తిరిగొచ్చింది. ఇవాళ ఏం చెప్పారే అంటే ఫ్రాక్షన్స్ అనేది. నిన్నా ఫ్రాక్షన్సే, మొన్నా ఫ్రాక్షన్సే. అనుమానం తనకెందుకు రాలేదా అని రజని తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పటికి మాత్రం ఆమె నోట్లోంచి వచ్చింది అబద్ధమే. పాపకి జ్వరం సర్, మర్చిపోయి అలా అన్నాను, తగ్గాక పంపిస్తాను అంది. ఫోన్ పెట్టేశాక, ఆ మాట ఎందుకన్నానో ఆమెకే అర్థం కాలేదు.

వాళ్ళుండేది రాయ్‌పూర్ దగ్గరి ఉక్కు టౌన్‌షిప్పులో సెక్టర్ ఆరులో, రజని మామగారు గురునాథరావు స్టీల్ ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి లీజుకి దక్కించుకున్న క్వార్టర్లో. రెండు గదులు, వంటిల్లు, ముందొక చిన్న వసారా. గురునాథరావు శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఇరవయ్యో ఏట వచ్చి, బొగ్గు కాల్చే కోక్ ఒవెన్స్‌లో చేరాడు. ఆ వేడికి ఆయన మెడ మీద చర్మం ఇప్పటికీ నల్లగా కమిలి ఉంటుంది. ఆయన కొడుకు సతీష్‌కుమార్‌కి ప్లాంటులో ఉద్యోగం రాలేదు. మూడుసార్లు పరీక్ష రాశాడు. ఇప్పుడు జాముల్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. పొద్దున్న ఏడింటికి వెళ్ళి రాత్రి ఏడింటికి వస్తాడు. తను అందుకోలేనిది కూతురు అందుకోవాలని, ఐదో తరగతిలో ఉండగానే అమ్ముని ఆ ట్యూషన్లో చేర్చాడు. ఇప్పుడు అమ్ముకి పదకొండేళ్ళు, ఆరో తరగతి.

నెలాఖరు ఆదివారం ట్యూషన్లో పరీక్ష పెడతారు. సాయంత్రానికి మార్కుల లిస్టు తల్లిదండ్రుల ఫోన్లకి వస్తుంది. సతీష్ దాన్ని కింది నుంచి పైకి చదివేవాడు. అలాగైతే తొందరగా దొరుకుతుంది అనేవాడు. జూలై నెల లిస్టులో వెతకాల్సిన పనే లేకపోయింది. నలభై మూడు పేర్లలో అమ్ముది నలభై మూడోది. ఆ రోజు అతను తిట్టలేదు, కొట్టలేదు. ఫోన్ని మంచం మీదికి విసిరి బయటికి వెళ్ళిపోయాడు. "మన మొద్దుకి చదువబ్బదురా, ఒగ్గీ" అని, వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఊపి గురునాథరావు నవ్వాడు. మొద్దు అన్నది ఆయన మనవరాల్ని ముద్దుగా పిలుచుకునే పేరు. ఆ తర్వాత రెండు రోజులే వెళ్ళి, బుధవారం నుంచి అమ్ము ట్యూషన్‌కి వెళ్ళడం మానేసిందని రజని లెక్కకట్టుకుంది.

గురువారం నాలుగింటికి అమ్ము వెళ్ళగానే రజని కూరలకని చెప్పి బయలుదేరింది. ట్యూషన్ దారంతా చూసింది. సెక్టర్ మార్కెట్టు చివర, ఎప్పుడో మూతపడ్డ కోఆపరేటివ్ దుకాణం వెనక కూతురి సైకిల్ కనిపించింది. వాన తుంపర పడుతోంది. దుకాణం వెనక రేకు దింపిన ఇరుకు వరండా ఉంది. అమ్ము మెట్టు మీద గోడకి ఎదురుగా కూర్చుని ఉంది. వీపు మీద బ్యాగు కూడా తియ్యలేదు. ఆడుకోవడం లేదు, ఫోన్ లేదు, పుస్తకం లేదు. సున్నం పెచ్చులూడిన గోడకేసి చూస్తోంది.

"ఏటి చేస్తన్నావే ఇక్కడ?" అంది రజని.

అమ్ము ఉలిక్కిపడింది గానీ లేవలేదు. "ఏం లేదు మమ్మీ," అంది.

"ఏం లేకపోతే ఎందుకు కూర్చున్నావు?"

"టైం అయిపోవాలి కదా."

రజని తిడదామనే వచ్చింది. ఆ మాట విన్నాక కూతురి పక్కన మెట్టు మీద కూలబడింది. రెండున్నర గంటలు, పన్నెండు రోజులు. పిల్ల ఈ గోడని చూస్తూ టైం అయిపోవడం కోసం కూర్చుంది.

అడగ్గా అడగ్గా సంగతి బయటికొచ్చింది. పరీక్షైన మర్నాడు క్లాసులో చివరి ఐదుగురినీ నిలబెడతారు. ఎవరి మార్కులు వాళ్ళు పైకి చదవాలి. అందరికన్నా ఆఖర్న అమ్ము. పిల్లలు అమ్ముకి ఆఖరీ డబ్బా అని పేరు పెట్టారు, రైలుకి చివరి పెట్టె అని. అమ్ము తలుపులో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు నోటితో రైలు కూత వేస్తారు. సర్ కూడా ఒకసారి నవ్వారు. ఇవన్నీ అమ్ము ఏడవకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. చివర్న, నాకేమీ రాదు మమ్మీ, వచ్చేవాళ్ళకే అక్కడ బాగుంటుంది అంది.

"అలాగనకు. నీకన్నీ వచ్చు," అంది రజని.

అమ్ము మొహం తిప్పుకుంది. "ఊరికే అంటావు. పాల ప్యాకెట్టు కూడా నన్ను కత్తిరించనివ్వవు. ఎవరైనా నా పేరేటని అడిగితే నువ్వే చెప్పీస్తావు. నాకు రాదనే కదా."

పాలు ఒలికిపోతాయని రజని ప్యాకెట్టు లాక్కున్న మాట నిజం. ఇంటికొచ్చినవాళ్ళు పిల్లని పలకరిస్తే, పిల్ల తడబడేలోపే జవాబు తను చెప్పేసిన మాటా నిజమే. అది ప్రేమ అనుకుంది. దాన్ని పిల్ల ఇంకోలా చదువుకుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికొచ్చారు. సతీష్‌కి ఏమీ చెప్పలేదు. చెబితే మర్నాడే పిల్లని చెయ్యి పట్టి తీసుకెళ్ళి ఆ క్లాసులో కూర్చోబెట్టి వస్తాడు. చెప్పకపోతే నెలాఖరు ఆదివారం లిస్టే చెబుతుంది. క్యాలెండర్లో చూసుకుంటే మధ్యలో పదిహేడు రోజులు. అటూ ఇటూ దారి లేదని తెలిసి కూడా, ఆ పదిహేడు రోజులూ రజని నోరు మెదపలేదు.

మర్నాటి నుంచి ఆమె కూడా వరండాకి వెళ్ళడం మొదలుపెట్టింది. మామగారికి టీ ఇచ్చి, సంచీ పట్టుకుని కూరలకని బయలుదేరేది. వచ్చేటప్పుడు ఏ రెండు వంకాయలో, కొత్తిమీర కట్టో తెచ్చేది. రోజూ కూరలేటమ్మా, ఇంట్లో దుకాణం పెట్టీస్తావా అని గురునాథరావు ఒకరోజు అడిగాడు. ఆమె నవ్వి ఊరుకుంది గానీ, ఆ రోజంతా ఎవరో వెనకే వస్తున్నట్టు అనిపించింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, కన్నకూతురితో కూర్చోడానికి దొంగలా సందుల్లోంచి వెళ్ళాల్సి వచ్చింది. వానలు వదల్లేదు. రేకు కింద ఇద్దరికీ సరిపడా జాగా లేదు. ఎవరైనా సైకిల్ మీద అటు వస్తే ఇద్దరూ మాట ఆపేసేవారు.

మొదట్లో రజని లెక్కలు చేయించబోయింది. ఆమె చూస్తున్నంతసేపు అమ్ము పెన్సిలు కదలదు. తల్లి కళ్ళు పుస్తకం మీద పడితే చాలు, వచ్చింది కూడా మర్చిపోతుంది. మూడో రోజున విసుగొచ్చి రజని అటు తిరిగి కూర్చుంది. కాసేపటికి వెనక పెన్సిలు గీకుతున్న చప్పుడు వినిపించింది. ఆమె కదల్లేదు. తనూ ఆ గోడ పెచ్చులే చూస్తూ కూర్చుంది. ఐదు లెక్కల్లో మూడు సరిగ్గా వచ్చాయి. శభాష్ అందామని నోటిదాకా వచ్చింది. అది కూడా ఊరికే అన్నట్టే ఉంటుందని మింగేసి, మూడో లెక్క ఎలా చేశావని మాత్రం అడిగింది. ఆ లెక్క నిజంగానే ఆమెకి అర్థం కాలేదు. అమ్ము చెప్పింది. మధ్యలో తప్పు చెప్పి, తనే దిద్దుకుని, వేళ్ళతో గాల్లో గీతలు గీస్తూ చెప్పింది. ఈ మధ్య నెలల్లో అమ్ము అంతసేపు మాట్లాడటం రజని వినలేదు.

అంతటితో గట్టెక్కామనుకోవడానికి లేదు. మరుసటి రోజు ఐదింట్లో ఒక్కటీ రాలేదు. అమ్ము ఆ కాగితం చింపేసి, చూశావా, నేను చెప్పలేదా అంది. ఇంట్లో పాల ప్యాకెట్టు చేతికిస్తే సగం గట్టు మీద పోసింది. రజని చేతులు వెనక్కి కట్టుకుని, తుడిచే గుడ్డ మాత్రం అందించింది.

ఆ కాగితం చింపిన రోజునే, ఏం చెప్పాలో తోచక, రజని ఎవరికీ చెప్పని ఒక సంగతి కూతురికి చెప్పింది. తను చరోదాలో పుట్టి పెరిగింది. తండ్రి రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పంతొమ్మిదో ఏట రైల్వే క్లర్కు పరీక్షకి రాయ్‌పూర్ వెళ్ళింది. మొదటి ప్రశ్న వచ్చింది, రెండోది రాలేదు. పక్క బెంచీలో అమ్మాయి గబగబా రాస్తున్న చప్పుడు వినిపిస్తుంటే తనకి ఇంక అక్షరాలు కనపడలేదు. అరగంటకే పేపరు ఇచ్చేసి బయటికి వచ్చేసింది. సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చుని, ఇంటికెళ్ళి, పేపరు చాలా కష్టంగా వచ్చిందని చెప్పింది. పిల్ల బాగానే రాసింది, అదృష్టం లేదు అని తండ్రి పోయేదాకా అందరికీ చెప్పుకున్నాడు.

అమ్ము చాలా శ్రద్ధగా వింది. "వాళ్ళే పంపించీసారా నిన్ను?"

"లేదు. నేనే లేచి వచ్చీశాను."

"మళ్ళీ రాయలేదా?"

"లేదు."

అమ్ము మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత తల్లికేసి చూసి, "అయితే నేను కూడా నీలాగే అయిపోతానా మమ్మీ?" అంది.

పిల్ల ఎత్తిపొడవలేదు. తెలుసుకోవాలనే అడిగింది. అలా కావులే అనడానికి రజనికి నోరు రాలేదు. ఇప్పుడు తామిద్దరూ చేస్తున్నది ఏమిటి మరి? రేపో మాపో ఎవరో వచ్చి అడిగేదాకా గోడవైపు తిరిగి కూర్చోవడమే కదా. ఇంటికి నడుస్తుండగా, ఈసారి ఎవరడిగినా అబద్ధం చెప్పకూడదని ఆమె నిశ్చయించుకుంది. అలా అనుకున్నా సతీష్ ఎదట నోరు తెరవడానికి ధైర్యం చాలలేదు. ఆదివారం దానంతటదే వచ్చింది.

సతీష్ మధ్యాహ్నం భోంచేసి వసారాలో తండ్రి పక్కన కూర్చున్నాడు. ఐదింటికి ఫోన్ మోగింది. పొద్దున్న పరీక్షకని బయలుదేరిన అమ్ము, గంట తర్వాత తిరిగొచ్చి ఆ ఫోన్ కోసమే ఎదురు చూస్తూ లోపలి గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. సతీష్ అలవాటు కొద్దీ లిస్టు కింది నుంచి మొదలుపెట్టాడు. మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు. ఆ పేరు పక్కన మార్కులు లేవు. గైర్హాజరు అని ఉంది. కింద ఇంకో వాక్యం: నెలంతా క్లాసులకి రాలేదు.

అతను అమ్ముని పిలిచాడు. అమ్ము వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనకే రజని వచ్చింది. ఎక్కడికెళ్తున్నావు రోజూ అని అతను అడిగాడు. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. అమ్ము నేల చూస్తోంది. రజని పెదవులు విడిపడ్డాయి. జవాబు చెప్పెయ్యడం ఆమెకి పదకొండేళ్ళ అలవాటు. ఆ మాట నాలుక చివర ఉండగానే పళ్ళు బిగబట్టింది. గురునాథరావు తినే మరమరాల గిన్నె పక్కన పెట్టేశాడు. ఎదురింట్లో ప్రెషర్ కుక్కర్ రెండుసార్లు కూసింది. పిల్ల నోరు విప్పదేమో, ఈ మౌనం తనే కల్పించి పిల్లని అందులో ఒంటరిగా వదిలేశానేమో అని రజని అనుకుంది.

"పాత దుకాణం వెనకాల కూర్చుంటున్నాను డాడీ," అంది అమ్ము.

"ఏటి చెయ్యడానికి?"

"ఏం చెయ్యడానికీ కాదు. అక్కడ లిస్టు ఉండదు."

తర్వాత రజని కూడా చెప్పింది. పన్నెండో రోజునే తనకి తెలిసిందని, సర్‌తో అబద్ధం చెప్పింది తనేనని, కూరల పేరుతో రోజూ వెళ్ళింది ఆ వరండాకేనని. చివరి ఐదుగురిని నిలబెట్టడం, ఆఖరీ డబ్బా, రైలు కూత, అన్నీ చెప్పింది. పిల్లని ఆ క్లాసుకి ఇంక పంపనని చెప్పింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో భర్తతో ఆమె కుదరదు అనడం అదే మొదటిసారి.

సతీష్ ఆ కూత మాట దగ్గర తల దించుకున్నాడు. కానీ మెత్తబడలేదు. సిగ్గుపడితేనే కదా పట్టుదల వచ్చేది అన్నాడు. గురునాథరావు కల్పించుకున్నాడు. "నానేటి చదివీసానురా? ఏలిముద్ర ఏసిన కాడి నుంచి సంతకం దాకా ఒచ్చాను. బతకలేదేటి?"

"మీకు ఊళ్ళోంచి లారీ ఎక్కించి తీసుకొచ్చి ఉద్యోగాలిచ్చారు నాన్నా," అన్నాడు సతీష్. "ఇప్పుడు ఆఖర్న ఉన్నోడికి చోటేది? నేను మూడుసార్లు రాశాను. మూడు లిస్టులూ పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదివాను. నా పేరు ఎక్కడా లేదు. ఆఖర్నయినా లేదు. రోజూ జాముల్ గేటు దగ్గర నిలబడినప్పుడు, రేపు రమ్మంటారో వద్దంటారో తెలీదు. అది దీనికొద్దనే కదా."

అతను చెప్పింది అబద్ధం కాదు. చివరికి సతీష్ తన నిర్ణయం చెప్పాడు. సెప్టెంబరులో బళ్ళో అర్ధవార్షిక పరీక్షలు. అప్పటిదాకా ఇంట్లోనే చదువుకోవాలి. లెక్కల్లో తప్పితే మర్నాడే ఆ ట్యూషన్లో అదే బెంచీ మీద కూర్చోవాలి. ఆ తర్వాత ఎవరి మాటా వినను అన్నాడు.

ఆ వాన రోజులు కష్టంగానే గడిచాయి. సతీష్ రజనితో పది రోజులు మాట్లాడలేదు. కంచం ముందుకి జరపడమే కూర కావాలన్న సంజ్ఞ. గురునాథరావు ఒకరోజు మనవరాల్ని మొద్దూ అని పిలిస్తే, అలాగనకండి మావయ్యా అని రజని మెల్లగా చెప్పింది. ఆయన చిన్నబుచ్చుకుని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత అమ్మూ అని పిలవడం మొదలుపెట్టాడు. రజని రోజూ సాయంత్రం వంటింటి గట్టు దగ్గర కూతురికి వీపు పెట్టి నిలబడి కూరలు తరిగేది. వెనక అమ్ము లెక్కలు చేసేది. అర్థం కానిది ఇద్దరికీ అర్థం కాకపోతే అలాగే వదిలేసేవారు. కిరాణాకి వెళ్ళేటప్పుడు రజని వీధి చివర ఆగిపోయి అమ్మునే పంపేది. ఒకసారి పంచదారకి బదులు రవ్వ తెచ్చింది. మళ్ళీ వెళ్ళి మార్చుకు రమ్మంటే అమ్ము అరగంట గుమ్మంలోనే నిలబడింది. వెళ్ళింది గానీ, ఏడుస్తూ వెళ్ళింది.

పరీక్షలో ఎనభైకి ముప్ఫై ఒకటి వచ్చాయి. పాసవడానికి ఇరవై ఏడు చాలు. ఎప్పుడూ మార్కుల కాగితం తల్లి చేత సంతకానికి పంపించే అమ్ము ఈసారి తనే తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది. సతీష్ ఆ అంకెని చాలాసేపు చూశాడు. ముప్ఫై ఒకటి అన్నాడు, అంతే. సంతకం చేసి, వార్షిక పరీక్షలయ్యాక మళ్ళీ చూద్దాం అన్నాడు. సంకెల తియ్యలేదు, కొంచెం వదులు చేశాడు. రజనికి అలాగే అనిపించింది.

దసరా సెలవుల తర్వాత ఒక రోజు అమ్ము బడి నుంచి మొహం ముడుచుకుని వచ్చింది. బూట్లు విప్పుకోకుండా వంటింట్లోకి వచ్చి గోడకి చేరబడింది. ఏమైందని రజని అడగలేదు. పిండి కలుపుతూ ఎదురు చూసింది.

సైన్సు క్లాసులో సర్‌ని ఒకటి అడిగానని అమ్ము చెప్పింది. ప్లాంటులో ఇనుము కరిగిస్తారు కదా, కరిగించే కుండ కూడా ఇనుముదైతే అదెందుకు కరగదని అడిగింది. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలోంచి ఎవరో రైలు కూత కూడా వేశారు. ఆ పేరు బడికి కూడా పాకింది.

రజని పిండి చేతులు అలాగే ఆగిపోయాయి. "మరి నువ్వేటి చేశావు?"

"ఏడుపొచ్చింది," అంది అమ్ము. "కూర్చుండిపోదామనుకున్నాను."

"కూర్చున్నావా?"

"లేదు. సర్‌కి వినపడలేదేమోనని ఇంకోసారి అడిగాను."

"ఆయనేమన్నారు?"

"ఆయనకీ తెలీదంట. కనుక్కుని రేపు చెప్తానన్నారు." అమ్ము ముక్కు తుడుచుకుని, బూట్లు విప్పుతూ, తాత కోక్ ఒవెన్స్‌లో చేశాడు కదా, తాతకి తెలుస్తుందేమో అంది. తల్లి లేచేలోగా తనే వసారాలోకి వెళ్ళి, తాతా అని గట్టిగా పిలిచింది.